రెండు తెరల పడవ

ముందుకు పోయే పడవలో ముందు కూర్చున్నవాళ్లంతా వెనక్కి తిరిగి కూర్చోవడం జమ్మలమడుగు దగ్గరి జలాశయంలోనే చూశాను. వాళ్లకు నీళ్లంటే భయం లేదు. వెనక కూర్చున్నవాళ్లంటే భయం. ఒకే ఊళ్లో పుట్టి, ఒకరి మీద ఒకరు నాటుబాంబులు వేసుకున్న రెండు వర్గాలవాళ్లు. ఊరు జలాశయంలో మునిగిపోయింది గానీ వర్గాలు మునగలేదు. మెడలో కండువాలు వేసుకుని పార్టీలయ్యాయి. చేపల సంఘానికి దొరికిన ఇంజను పడవ మాత్రం ఒక్కటే. అందుకని ముందు సగం ఒక వర్గానిది, వెనక సగం ఇంకొకరిది. ఎదుటివాడికి వీపు చూపకూడదు. ఆ పడవలో రాసిపెట్టని చట్టం అది.

నాకు ఆ పడవతో పని పడింది నా మేనల్లుడి వల్ల.

వాడిది పులివెందుల. బోరుమోటార్ల స్టార్టర్లు బాగుచేస్తాడు, ఎండిన బోర్లలోకి కెమెరా దించి అడుగున ఏముందో రైతుకు చూపిస్తాడు. ఒకరోజు పొద్దున్నే ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడ్డాడు.

"మామా, నా అంగడికి బీగం ఏపిస్తారంట" అన్నాడు.

"ఎవరు? ఎందుకు?"

"పడవలో ముందరోల్లు. నేను వాళ్ల గుర్తును ఎనకోల్లకు అమ్మినానంట."

సంగతి అడిగి తెలుసుకున్నాను. మునిగిన ఊరి గోడల చుట్టూ చేపలు చేరతాయి. ఆ చేపలు కనిపించడానికి సంఘం ఒక సోనార్ కొన్నది, బిగించింది మావాడే. పడవ వెనక నీళ్లలో ఒక సెన్సర్, ఇంజను పక్కన ఒక తెర. సెన్సర్ పంపిన శబ్దం అడుగున తగిలి తిరిగి వస్తే, ఆ తెర మీద లోతు, గోడలు, చేపలు గీతలుగా కనిపిస్తాయి. తెర వెనక ఉంది కాబట్టి ముందరివాళ్లు ఊరుకోలేదు. వాళ్లకు కనపడేది మాకెందుకు కనపడదన్నారు. ముందు కూడా ఒక తెర పెట్టించారు. నా మేనల్లుడు పడవ అంచు వెంట పైపులో కేబుల్ లాగి రెండు తెరలనూ కలిపాడు. ఒక్క సెన్సర్ చూసింది రెండు చోట్లా కనిపించసాగింది. కొన్నాళ్లు అందరూ సంతోషపడ్డారు.

తర్వాత ముందరి పెద్దాయన తన తెర మీది పటంలో చేపలు దట్టంగా ఉన్న ఒకచోట గుర్తు పెట్టుకున్నాడు. మరుసటి వారం వాళ్లు అక్కడికి పోయేసరికి వెనకవాళ్ల వల అప్పటికే అడ్డంగా పరిచి ఉంది.

"నువ్వు చెప్పినావా?" అని అడిగాను.

వాడు నా మొహం చూశాడు. "నువ్వు గూడానా మామా?"

"అడగడం నా అలవాటు. చెప్పడం నీ వంతు."

"చెప్పల్యా. రెండు మిషన్లకు కేబుల్ కలిపితే ఒకదాంట్లో పెట్టిన గుర్తు ఇంకోదాంట్లోకి దానంతటదే పోతాదంట. నేను చేపల బొమ్మ ఒక్కటే పోతాదనుకున్న్యా. ఈ గొడవయినాక కంపెనీ వాళ్ల పుస్తకం చదివితే తెలిసె."

నాకు వాడి మాట మీద నమ్మకం లేదని కాదు. ఎవరి మాట మీదా లేదు. జీవితమంతా వేదికల మీద నేను చెప్పింది ఒకటే: మనిషి మంచివాడు కాబట్టి మాట నిజం కాదు, పరీక్షకు నిలిచింది కాబట్టి నిజం. విభూతి రాల్చే పటాల దగ్గర అడిగిన ఋజువును మేనల్లుడి దగ్గర అడగకపోతే అది హేతువాదం కాదు, బంధుప్రీతి.

ఇద్దరం కలిసి జలాశయం గట్టుకు పోయాం. పడవ కట్టేసి ఉంది. ముందరి పెద్దాయన, వెనకటి పెద్దాయన చెరొక రాయి మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ముందరి పెద్దాయనే మొదలుపెట్టాడు.

"ఏమప్పా, అల్లునికి వకీలుగా వచ్చినావా?"

"సాక్షిగా కూడా రాలేదు. పరీక్ష పెట్టడానికి వచ్చినాను."

"పరీచ్చ ఎందుకప్పా? మీరు కిరస్తానం కాబట్టి కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమని చెప్పం. మీ బైబిలు మీదనే చెయ్యి పెట్టమను. సాలు."

"నేను బైబిలునూ వదిలినాను, కర్పూరాన్నీ వదిలినాను. దొంగ కూడా ప్రమాణం చేస్తాడు. మిషన్ చెయ్యదు. దాన్నే అడుగుదాం."

వెనకటి పెద్దాయన నవ్వాడు. "అడగనీలేప్పా. ఆయప్ప దేవున్నే అడిగినోడు, డబ్బాను అడగడా?"

నా ఏర్పాటు ఇది. మేనల్లుడు నా పక్కన గట్టు మీద, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చోవాలి. పడవలో ముందు తెర దగ్గర ముందరి పెద్దాయన గుర్తు పెట్టాలి. వెనక తెరలో అది కనిపించిందా లేదా అన్నది వెనకవాళ్లు చెబితే ముందరివాళ్లు నమ్మరు కాబట్టి, ముందరి వర్గం మనిషే పోయి వెనక తెర దగ్గర కూర్చోవాలి. దానికి బదులుగా వెనకటి మనిషి ముందుకు రావాలి.

ఈ చిన్న మార్పిడికి పట్టిన సమయం నా ఉపన్యాసాలకు కూడా పట్టదు. ఇద్దరూ పడవ మధ్యలో ఒకరినొకరు దాటాలి. దాటితే వీపు కనపడుతుంది. చివరికి ఇద్దరూ పీతల్లాగా పక్కకు నడుస్తూ, ఒకరి కళ్లు ఒకరి చేతుల మీదే ఉంచి, పొట్టలు రాసుకుంటూ దాటారు. గట్టు మీదున్న ఎవడో "ముద్దు పెట్టుకోండిరా, పనైపోతాది" అని కేక వేశాడు. రెండు వర్గాలూ కలిసి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ముందరి పెద్దాయన తెర మీద ఒత్తాడు.

"వచ్చె!" అని వెనకనుంచి ఆయన మనిషే అరిచాడు. "న్నా, నువ్వు ఒత్తిన చోటే ఈడ పడె!"

"ఇప్పుడు కేబుల్ పీకండి" అన్నాను.

పీకారు. ముందు తెరలో అడుగు గీత మాయమైంది. పటం ఒక్కటే మిగిలింది. ముందరి పెద్దాయన ఇంకోచోట గుర్తు పెట్టాడు. వెనక ఏమీ రాలేదు. ఆయన మళ్లీ ఒత్తాడు, ఇంకా గట్టిగా, గట్టిగా ఒత్తితే పోతుందేమోనన్నట్టు. రాలేదు.

నా మేనల్లుడు మోకాళ్ల మీది చేతులు అప్పుడు తీశాడు.

పరీక్ష అయిపోయింది. నిజం అందరి కళ్ల ముందూ నిలబడింది. ఇంక లేచి ఇంటికి పోవచ్చని నేననుకున్నాను. ముందరి పెద్దాయన గట్టెక్కి వచ్చి, కండువాతో మొహం తుడుచుకుని, వెనకటాయన వైపు తిరిగాడు.

"సరే, మిషనే చెప్పిందనుకుందాం. చెప్తే మాత్రం మా గుర్తు మీద మీరు వల ఎట్ల ఏస్తారు?"

"మీ గుర్తా?" వెనకటి పెద్దాయన లేచాడు. "అది యాడ పెట్టినావో ఎరికనా? మా జేజినాయన ఇంటి మీద! మా ఇంట్లో బాయి మీద! చేపలెవనికి కావాలప్పా? మా బాయిలో ఏం ఎతుకుతాండారో అని వల అడ్డం ఏసినాం."

"బాయిలో ఎతికేకి ఏముండాది?"

"ఏం ల్యా."

"ఏం లేకుంటే అడ్డం ఎందుకేస్తివి?"

వెనకటి పెద్దాయన కండువా సర్దుకుని మళ్లీ రాయి మీద కూర్చున్నాడు. ఆ బాంబుల రోజుల్లో ఇళ్లల్లోని బావుల్లో ఏమేం దాచేవాళ్లో అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా మేనల్లుడే అడ్డుపడ్డాడు. "గుర్తులు పోకుండా ఆపేయచ్చున్నా. చేపల బొమ్మ రెండు పక్కలా వస్తాది, ఎవరి గుర్తు వాళ్లకే ఉంటాది. మీ కండ్ల ముందరే చేస్తా." కేబుల్ కలిపాడు. ఒక్కో తెర దగ్గర ఆ వర్గం మనిషి వేలితోనే ఒత్తించి ఆపు చేయించాడు. మళ్లీ గుర్తు పెట్టి చూశారు. పోలేదు. రెండో వైపునుంచి చూశారు. రాలేదు.

"బాగుండాది" అన్నాడు ముందరి పెద్దాయన. "ఇంగ ప్రమాణం చేసి పోప్పా."

నేను మండిపడ్డాను. "కళ్లతో చూసినారు కదా! ఇంకా దేనికి ప్రమాణం?"

"చూసింది మిషన్‌నప్పా. మిషన్ అబద్ధం చెప్పల్యా, సరే. అది చెప్పినంక ఈయప్ప గూడా చెప్పినాడేమో, మాకెట్ల తెలుస్తాది?"

నాకు కోపంలోనూ తోచిన మాట ఏమిటంటే, ఆ ప్రశ్న తప్పు కాదు. గుర్తు దానంతటది పోతుందని నా పరీక్ష నిరూపించింది. మనిషి చెప్పలేదని నిరూపించలేదు. ఒక పని జరగలేదని ఋజువు చెయ్యడానికి కేబుల్ పీకితే చాలదు. ఆ మాట నేనే ఎన్ని సభల్లో ఎంతమందికి చెప్పలేదు!

నేను జవాబు వెతుక్కునేలోగా మేనల్లుడు నీళ్ల దగ్గరికి దిగిపోయాడు. మోకాలి లోతులో నిలబడి దోసిట్లో నీళ్లు పట్టాడు.

"మీ ఊరు మునిగిన నీళ్లు ఇవి. ఇవి పట్టుకోని చెప్తాండా. నేను ఎవురికీ ఏమీ చెప్పల్యా, అమ్మల్యా."

నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఇద్దరు పెద్దాయనల మొహాలూ ఒక్కసారే మెత్తబడ్డాయి. ముందరాయన వాడి భుజం తట్టి, "పోయి అంగడి తెర్సుకోప్పా. ఎవడన్నా వస్తే నా పేరు చెప్పు" అన్నాడు. "నా పేరు గూడా చెప్పు" అన్నాడు వెనకాయన, వెంటనే.

మధ్యాహ్నం జమ్మలమడుగు బస్టాండులో ముద్దనూరు బస్సు కోసం నిలబడ్డాం. అక్కడ మారి వాడు పులివెందుల పోవాలి. నాకు మింగుడు పడలేదు.

"దోసెడు నీళ్లకు నమ్మినారు చూడు, ఎద్దులు" అన్నాను.

"నువ్వు నమ్మినావా మామా?"

"నేను పరీక్షను నమ్మినాను."

వాడు నవ్వి మిగిలిన కేబుల్ ముక్కను చేతికి చుట్టుకుంటున్నాడు. నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. సెన్సర్ బిగించిన రోజున మునిగిన ఊరి మీదంతా పడవలో తిరిగి పరీక్షించానని వాడే చెప్పాడు. బోర్ల అడుగున ఏముందో చూసి చెప్పడం వాడి వృత్తి.

"ఆ రోజు ఆ బావి మీదికి కూడా పోయినారా?"

"పోయినాం."

"ఏం కనపడింది?"

కేబుల్ చుట్టడం ఆగింది. బస్సు వచ్చింది. వాడు మెట్టెక్కి, నా వైపు తిరగకుండా చెప్పాడు.

"మట్టి మామా. పూడిపోయింది."

పులివెందులలో వాడి అంగడి తెరిచే ఉండాలి. మట్టి అన్న మాటకు నేను ఋజువు అడగలేదు. ప్రమాణమూ అడగలేదు.