వేమూరు దారిలో అద్దం మీద ఐసు

తెనాలిలో కారు అద్దం మీద మంచు గడ్డకట్టడం ఎవరైనా చూశారా? చూడరు. మా ఊళ్ళో చలికాలమంటే పొద్దున్నే ముక్కు కాస్త కారడం, కోతలయిపోయిన పొలాల మీద పొగమంచు దిగడం, అంతే. తొమ్మిదింటికల్లా ఎండ చుర్రుమంటుంది. ఆ సంగతి మా పెదనాన్నకి చెప్పి ఒప్పించే మొనగాడు మాత్రం పుట్టలేదు.

ఆయన మిలిటరీలో లారీ డ్రైవరు. కాశ్మీరు వైపు ఏళ్ళకేళ్ళు బండి నడిపి, పెన్షనుతో తిరిగొచ్చి, పాత అంబాసిడర్ ఒకటి కొని టాక్సీ పెట్టుకున్నాడు. పెద్దమ్మ పోయింది, పిల్లల్లేరు, మా పక్క వాటాలోనే ఉండేవాడు. డిసెంబరు వచ్చిందంటే ఆయన డ్రిల్లు మొదలు. పడుకోబోయే ముందు వైపర్లు రెండూ పైకెత్తి నిలబెట్టేవాడు, గడ్డకట్టి అద్దానికి అతుక్కుపోకుండా. పొద్దున లేచి, అరచేయంత చెక్కముక్క తీసి, లేని ఐసుని పైనుంచి కిందికి గీకేవాడు. పక్కన ఎవరు దొరికితే వాళ్ళకి పాఠం. ఇనపముక్కతో గీకకూడదు, గీతలు పడతాయి. వేడినీళ్ళు పోయకూడదు, అద్దం ఫట్‌మంటుంది. మొహం పట్టేంత కన్నం చేసుకుని బయల్దేరకూడదు, అద్దం మొత్తం కనపడాలి. టాపు మీదది కూడా దించెయ్యాలి, లేదంటే బ్రేకు వేసినప్పుడు జారి అద్దం మీదకొస్తుంది.

"తెనాల్లో టాపు మీద ఏముంటుంది పెదనాన్నా, కాకిరెట్ట తప్ప?" అనేదాన్ని.

"నవ్వవే నవ్వు. ఒకరోజు పడుద్ది," అనేవాడు.

స్టాండులో మిగతా డ్రైవర్లు "ఇవాళ ఎంత మందం పడిందండీ?" అని అడిగేవాళ్ళు. ఈయనేమో "ఇవాళ పడలేదు బాబూ" అని నిజాయితీగా జవాబు చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళ మీద కాదు, ఈయన మీదే.

తొంభైల మొదట్లో, ఒక ఫిబ్రవరిలో, మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళి రేపల్లెలో, మగపెళ్ళివారి గుళ్ళో, అంటే చర్చిలో, తొమ్మిదింటికి. పది దాటితే పాస్టరు అయ్యగారు ఆగరు, బాపట్లలో ఆయన చేయాల్సిన పెళ్ళి ఇంకొకటుంది. పై వారం నుంచి శ్రమకాలం, క్రీస్తు శ్రమల్ని తలుచుకునే రోజులు. ఈస్టరు దాకా గుళ్ళో పెళ్ళిళ్ళుండవు. అంటే ఆ పూట తప్పితే అక్క మళ్ళీ నెలన్నర పైగా కూర్చోవాల్సిందే, మగపెళ్ళివారి మనసు అప్పటికెలా ఉంటుందో దేవుడికే తెలియాలి. అమ్మా చుట్టాలూ ముందురోజే బస్సులో వెళ్ళారు. పెళ్ళికూతుర్ని మాత్రం తన కార్లో తనే తీసుకెళ్తానని పెదనాన్న పట్టుబట్టాడు.

నాన్నకి అప్పుడే ఒక పిచ్చి పట్టింది. నిశ్చితార్థానికి మగపెళ్ళివాళ్ళు టీతో సరిపెట్టారట, మనం చల్లటి నిమ్మరసం ఇచ్చి వాళ్ళ నోరు మూయించాలట. ఫిబ్రవరి చలిలో! రేపల్లెలో ఐసు చేపలకే చాలదని ఎవరో చెబితే, తెనాలి ఐసు ఫ్యాక్టరీలో ముక్కలు కొట్టించి, కరగకుండా ఊక కలిపి గోనెసంచిలో కట్టించి, కారు టాపు మీదకెక్కించాడు.

పెదనాన్న మొహం మాడిపోయింది. "ఒరేయ్, పైన ఐసు పెట్టుకుని బండి నడపకూడదురా."

"ఇది తెనాలి అన్నయ్యా! కాశ్మీరు కాదు. పోనీ!"

పోనిచ్చాడు. ముందు సీట్లో నాన్న, వెనక తెల్లచీరా మేలిముసుగుతో అక్క, ఒక పక్క నేను, ఇంకో పక్క దగ్గుకని వేడినీళ్ళ ఫ్లాస్కు వదలని మా మేనత్త. వేమూరు దాటాక పొగమంచులోంచి ఒక గేదె తన అత్తారింటికి పోతున్నట్టు నింపాదిగా రోడ్డెక్కింది. పెదనాన్న బ్రేకు తొక్కాడు. పైన తాడు తెగింది, సంచి పిగిలింది, ఐసూ ఊకా కలిసి బరబరా జారి అద్దమంతా కప్పేశాయి. కార్లో చీకటి పడింది.

పెదనాన్న మెల్లగా అన్నాడు: "పడింది."

ఆ గొంతులో ఎంత సంతోషమో! పదేళ్ళ నుంచీ ఎదురుచూసిన చుట్టం వచ్చినట్టు దిగి, చెక్కముక్క తీశాడు. నాన్న కంగారులో వైపర్ల మీట నొక్కబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. "కూరుకుపోయిన వైపరు వేస్తే మోటారు కాలిపోద్ది!" అత్త దిగి, ఫ్లాస్కు మూత తీసి అద్దం మీదకి వంగింది. "వేడినీళ్ళొద్దన్నానా!" అని ఆయన అరిచిన అరుపుకి గేదె కూడా ఆగి వెనక్కి చూసింది.

"కాస్త కన్నం చేసి పోనీ అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా! టైమైపోతోంది!" నాన్న ఏడుపొకటే తక్కువ.

"లోపల పిల్ల కూర్చుందిరా. అద్దం మొత్తం కనపడందే కదలను."

మినుము పీకడానికి పోతున్న ఆడవాళ్ళు ఆగారు. "ఏంటి బాబాయ్ అది?"

"ఐసు."

"ఎక్కడిది?"

"పైనుంచి పడిందమ్మా."

ఒకామె తలెత్తి ఆకాశంలోకి చూసింది. నాకు నవ్వాగలేదు. అక్క కూడా ముసుగులో కిసుక్కుమంది, నాన్న మా ఇద్దర్నీ కలిపి తిట్టాడు. సంచిలో మిగిలిన ఐసు కూడా పైన ఉండటానికి వీల్లేదని పెదనాన్న అక్కడే దింపించి వాళ్ళకిచ్చేశాడు. వాళ్ళు పళ్ళు జిల్లుమంటున్నా చప్పరిస్తూ పోయారు. అంతటితో అయిందా? మా ఊపిరికి లోపల అద్దం మసకబారుతోందని కిటికీలన్నీ దింపించాడు. కారు కదలగానే బానెట్టు మీద అంటుకున్న ఊకంతా లేచి అక్క ముసుగులో చేరింది. కాస్త దూరం పోయాక ఎడంవైపు గట్టు దిగి ఇంకో గేదె వచ్చింది. ఆమడ దూరం నుంచే కనపడింది. పెదనాన్న ఆగి, అది దాటేదాకా నాన్న వైపే చూస్తూ కూర్చున్నాడు.

గుడి దగ్గరికి చేరేసరికి పదికి పది నిమిషాలుంది. అయ్యగారు గుమ్మంలో వాచీ చూసుకుంటున్నారు.

"ఏంటండీ ఇంత ఆలస్యం?"

పెదనాన్న నిటారుగా నిలబడ్డాడు. "కారు అద్దం మీద ఐసు పడిందండి. తీసి వచ్చాం."

మగపెళ్ళివారు గొల్లున నవ్వారు. పెళ్ళికొడుకు మేనమామ సైన్సు మాస్టారు. "రేపల్లె రోడ్డు మీద ఐసు పడిందాండీ? రేపే పిల్లలకి పాఠం చెప్పాలి!" అన్నాడు. చూపిద్దామంటే టాపు మీద చుక్క నీళ్ళు కూడా మిగల్లేదు. పెదనాన్న తమ్ముడి వైపు చూశాడు.

నాన్న నేల చూపులు చూశాడు. ఐసు తెచ్చిన తెలివి ఎవరిదో చెప్పాల్సొస్తుందిగా! "టైరు పంక్చరండి," అన్నాడు.

పెదనాన్న చేతిలో చెక్కముక్కని లాల్చీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆయన ఐసు కథలకి ఇన్నేళ్ళూ నవ్వినదాన్ని నేనే, అప్పుడు మాత్రం వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. సరే పదండి పదండని అందరూ లోపలికి కదిలారు.

"పంక్చరు కాదండీ."

అందరూ ఆగిపోయారు. పెళ్ళికూతురు మాట్లాడుతోంది! ముసుగు తనే పైకెత్తింది. తలనిండా ఊక.

"ఐసే పడింది. మా పెదనాన్న గీకి తీశాడు. నేను చూశాను."

సైన్సు మాస్టారు నవ్వు ఆపేశాడు. అయ్యగారు అక్క తలలో ఊకని, పెదనాన్న జేబులోంచి కనపడుతున్న చెక్కముక్కని మార్చి మార్చి చూసి, "సరేనమ్మా, ముందు ప్రార్థన చేసుకుందాం, అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు.

అయ్యగారు ప్రార్థనకి ఇంకా నోరు తెరవనేలేదు, గుడి దద్దరిల్లేలా పెదనాన్న "ఆమెన్" అనేశాడు.