వెనక గేటు తెరిచే ఉంది

మా డైరెక్టరు గారి రిటైర్మెంటు సన్మానానికి వేదిక కట్టినవాణ్ణి నేను తిట్టను. పాపం, ఎక్కడ కట్టమంటే అక్కడ కట్టాడు. నా కోపమంతా కట్టమన్నవాళ్ళ మీద. అంతకంటే ఎక్కువగా నా మీద.

నేను ఎగ్జిబిషన్ గ్రౌండులో మైకు పట్టుకునేవాణ్ణి. తప్పిపోయిన పిల్లల పేర్లు, దొరికిన చెప్పుల రంగులు, జెయింట్ వీల్ ఆగిపోతే "దయచేసి కంగారు పడవద్దు" అనే కబుర్లు, ఇరవై ఎనిమిదేళ్ళుగా అన్నీ నా గొంతులోంచే వెళ్ళాయి. నన్ను అందరూ "మైకూ" అనే పిలుస్తారు. డైరెక్టరు గారికి కూడా పనివాళ్ళు ఒక పేరు పెట్టారు. ఎదురుగా "సార్", వెనకాల "గేటు సారు".

ఆయన ఊరికే గేటు సారు అయిపోలేదు. ముప్పై నాలుగేళ్ళ కిందట టికెట్లు చించే ఉద్యోగంలో చేరి, గేట్ల సూపర్‌వైజరై, ఆఖరికి డైరెక్టరు కుర్చీ ఎక్కిన మనిషి. పొడుగ్గా, కాస్త వంగి, నోట్లో నాలుక లేనట్టు ఉంటారు. సీజను మొదలైతే మాత్రం కాలికి బలపం కట్టుకున్నట్టే తిరిగేవారు. తినుబండారాల వరుసలో గ్యాసు సిలిండర్లు లెక్కపెట్టేవారు, రంగులరాట్నం బోల్టులు చేత్తో తడిమి చూసేవారు. ఇంట్లో కొళాయి కారుతుంటే మాత్రం మూడు నెలలు కింద బకెట్టు పెట్టి ఊరుకున్నారు. వాళ్ళావిడ నన్ను అన్నయ్యా అంటుంది. "మా ఆయన కాపురం చేసేది గ్రౌండుతో అన్నయ్యా, నా దగ్గరికి చుట్టపుచూపుగా వస్తారు" అని నవ్వేది. మోకాలి ఆపరేషనుకి ఆవిడ తన అక్కని తోడు తీసుకుని వెళ్ళింది. అది సీజను మధ్య.

ఇక గేటు సంగతి. మా గ్రౌండుకి ముందొక గేటు, వెనక ఒకటి. వెనకది లారీ పట్టేంత వెడల్పు, రెండు ఇనుప రెక్కలు, అవతల ఖాళీ సందు. ఇరవై ఏడేళ్ళ కిందట, నేను చేరిన రెండో సీజన్లో, టికెట్టు లేకుండా జనం అటునుంచి దూరుతున్నారని అప్పటి డైరెక్టరు దానికి తాళం వేయమన్నాడు. అప్పుడు సూపర్‌వైజరుగా ఉన్న ఈయనే వేశారు. ఆ సాయంత్రం బట్టల దుకాణాల వరుసలో నిప్పు అంటుకుంది. నేను మైకులో, "భయపడకండి, అందరూ వెనక గేటు వైపు వెళ్ళండి" అన్నాను. తాళం వేసిన సంగతి నాకు తెలియదు. జనం నా మాట నమ్మి అటే పరిగెత్తారు. తాళం గేటుకి లోపలి వైపు, తాళంచెవి ఈయన చేతిలో, మధ్యలో జనం. తాళంచెవి పైకెత్తి పట్టుకుని "జరగండి, జరగండి" అని ఈయన అరుస్తూనే ఉన్నారు. నలుగురు పోయారు, అందులో ఒకావిడ చంకలో కొత్త దుప్పటి పొట్లం అలాగే ఉంది.

విచారణలో ఈయన్ని అడిగారు, గేటుకి తాళం ఎందుకు వేశావని. "వేయమని చెప్పారు, వేశాను" అన్నారట. అంతకు మించి ఎవరూ అడగలేదు. షార్ట్ సర్క్యూట్ అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. ఏడాది తిరక్కుండా ఈయనకి ప్రమోషను కూడా వచ్చింది. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళలేదని వాళ్ళావిడ చెప్పింది.

నిప్పు అంటుకున్న ఆ వారమే ఆయన ఆ గేటు గొళ్ళెం రంపంతో కోయించారు. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒక పద్ధతి. గ్రౌండులో జనం చేరే ప్రతి సాయంత్రం ఆయనే స్వయంగా వెళ్ళి రెండు రెక్కలూ బార్లా తెరిచి, అక్కడి కాపలా గదిలోంచి నాకు ఫోన్ చేసేవారు. "వెనక గేటు తెరిచే ఉంది." అంతే, ఇంకో మాట ఉండదు. నేను అదే మాట మైకులో చెప్పి, ఆ తర్వాతే మిగతా కార్యక్రమం మొదలుపెట్టేవాణ్ణి. జ్వరం వచ్చినా, వాన పడినా, మంత్రిగారు కారులో కూర్చుని ఒంటికాలి మీద లేచినా, ఆ ఫోన్ రానిదే నా మైకు మోగేది కాదు.

సన్మానం రోజు నాలుగింటికి నేను వెళ్ళేసరికి వేదిక తయారుగా ఉంది. సరిగ్గా వెనక గేటుకి అడ్డంగా. సాయంత్రం ఎండ అతిథుల మొహాన పడకూడదని కొత్త డైరెక్టరు ఆ చోటు ఎంచాడట. వెనక ఫ్లెక్సీ. దాని మీద పది అడుగుల ఎత్తున మా సారు మొహం. గేటు రెక్కల మీదికే లాగి కట్టేశారు.

సారు వచ్చారు, చూశారు. కొత్త డైరెక్టరుతో, "దీన్ని అటు పక్కకి జరిపించండి" అన్నారు.

"సార్, మీ మొహమాటం మాకు తెలియదా" అని వాడు నవ్వాడు.

"మొహమాటం కాదయ్యా. వెనక గేటు."

"రెండు గంటల పని సార్. ఇప్పుడు విప్పితే మళ్ళీ కట్టేసరికి చీకటి పడుతుంది. ఇవాళ ఆటలు కూడా లేవు. ఏమవుతుంది చెప్పండి?"

ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పాలంటే తాళం వేసింది ఎవరో చెప్పాలి. దానికి బదులు, "జనం పదిహేను వందల మంది వస్తారు, టీ స్టౌలు పక్కనే పెట్టారు" అన్నారు. ఇంతలో కమిటీ ఛైర్మన్ గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఒక్క పూటకి మీరు డైరెక్టరు కాదు, ముఖ్య అతిథి. ఇక గేట్ల గొడవ మాకు వదిలెయ్యండి." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గోడకి చెప్పినా కాస్త ప్రతిధ్వని వస్తుంది.

సారు నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "నా ఫోన్ రాకుండా మొదలుపెట్టకు" అన్నారు. "మీ ఫోన్ రాకుండా నేనెప్పుడు మొదలుపెట్టాను సార్" అన్నాను. ఆయన వేదిక పక్కగా కాపలా గది వైపు నడిచారు.

అయిదయింది. నా కిటికీలోంచి అన్నీ కనబడుతున్నాయి. మొదటి వరుసలో వాళ్ళావిడ, కొత్త చీరలో. పక్క కుర్చీలో తన చేతిసంచి పెట్టి, ఎవరొచ్చినా "మా ఆయనకండీ" అంటోంది. పొద్దున్న నాకు ఫోన్ చేసింది. "ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గ్రౌండులో నా పక్కన కూర్చోలేదు అన్నయ్యా, ఇవాళైనా కూర్చోబెట్టు" అంది. "నేను చూసుకుంటాను చెల్లెమ్మా" అన్నాను.

అయిదుంపావు. ఛైర్మన్ గారు గడియారం చూసుకుంటున్నాడు. కొత్త డైరెక్టరు నా కిటికీ వైపు చెయ్యి ఊపాడు. నేను చూడనట్టు తల వంచుకున్నాను. మనసులో ఒకటే మాట. సార్, చెయ్యకండి ఫోన్. వేదిక విప్పించండి, లేదా ఇంటికి వెళ్ళిపోండి. అయిదున్నరకి వాళ్ళావిడ లేచి, బాగుచేసిన మోకాలు పట్టుకుని, ఆయన కోసం అటూ ఇటూ చూసింది. కాపలా గది ముందు నిలబడ్డ ఆయన్ని చూసి నవ్వి, సంచి తీసి, ఖాళీ కుర్చీ చూపించింది.

ఆయన గదిలోకి వెళ్ళారు. నా ఫోన్ మోగింది.

"వెనక గేటు తెరిచే ఉంది" అన్నారు.

నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన కూడా పెట్టెయ్యలేదు. ఊపిరి వినబడుతోంది. తర్వాత లైను తెగింది. నేను మైకు నొక్కి, ఇరవై ఏడేళ్ళుగా చెప్పినట్టే, అదే గొంతుతో, పదిహేను వందల మందికి ఆ మాట చెప్పాను.

రెండు గంటలూ నేను టీ స్టౌల మంటల్నే చూస్తూ కూర్చున్నాను. ఉపన్యాసాలు సాగాయి. "ఈయన నోట అబద్ధం విన్నవాడు లేడు" అన్నాడు ఛైర్మన్ గారు. చప్పట్లు. పూలగుత్తి ఇచ్చారు, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఏమీ జరగలేదు. నిప్పురవ్వ కూడా లేవలేదు. జనం టీలు తాగి ముందు గేటులోంచి తీరిగ్గా వెళ్ళిపోయారు. అంతకంటే పాపిష్టి సంగతి ఇంకొకటి లేదు, ఎందుకంటే వెంటనే కొత్త డైరెక్టరు అననే అన్నాడు.

"చూశారా సార్, ఏమైనా అయిందా? చోటు భలే కుదిరింది. ఈ వేదికని ఇక్కడే సిమెంటుతో కట్టించి మీ పేరు పెడదామని కమిటీ అనుకుంటోంది."

సారు తల ఊపారో లేదో నాకు కనబడలేదు. కాసేపటికి గడియారం పట్టుకుని నా గదికి వచ్చారు. వాళ్ళావిడ బయట నిలబడింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది, ఆ మొహం చూసి నాకు కోపం రాకపోగా సిగ్గేసింది.

"ఫోన్లో నేను చెప్పింది నమ్మావా?" అని అడిగారు.

"లేదు సార్. కిటికీలోంచి కనబడుతూనే ఉంది."

"మరి మైకులో ఎందుకు చెప్పావు?"

చాలా చెప్పొచ్చు. చెల్లెమ్మ నవ్వు చెప్పొచ్చు, ఖాళీ కుర్చీ చెప్పొచ్చు. నా నోట్లోంచి మాత్రం ఇదే వచ్చింది.

"చెప్పమని చెప్పారు, చెప్పాను."

ఆయన నావైపు చాలాసేపు చూశారు. ఇరవై ఏడేళ్ళ కిందట విచారణలో ఆయన్ని అలా చూడాల్సినవాళ్ళు ఒక్కరూ చూడలేదు. తర్వాత గడియారం చంకలో పెట్టుకుని, వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని, ముందు గేటు వైపు నడిచారు.