గడ్డి లేని మైదానం

తండ్రి పోయిన నలభయ్యో రోజు భోజనాలకని సల్కినాయ్ పుట్టింటికి అత్‌బాషీ వెళ్ళింది. అదే మధ్యాహ్నం ఇక్కడ నారిన్‌లో ఆమె మొగుడు తురుస్‌బెక్, తామిద్దరూ కలిసి నడుపుతున్న కంప్యూటర్ క్లబ్బు ముందు లారీ ఆపించి, కొత్త కంప్యూటర్లన్నీ ఎక్కించుకుపోయాడు. మంచి కుర్చీలు పోయాయి. పెద్ద తెరలు పోయాయి. ఆఖరికి గోడ గడియారం కూడా పోయింది. మిగిలినవల్లా వెనక గదిలో దుమ్ముకొట్టుకుపోయిన ఎనిమిది పాత కంప్యూటర్ పెట్టెలూ, బొగ్గుల పొయ్యీ, ఆ పొయ్యి పక్కన అతని తల్లి బుర్మకానూ.

కోడలు తిరిగొచ్చి గుమ్మంలో కొయ్యబారిపోతే ముసలావిడే నోరు విప్పింది.

"నన్ను కూడా ఎక్కించాలనే చూశాడమ్మా. పొయ్యిలో కాలుతున్న కడ్డీ తీసి చూపించా. నన్నొదిలేసి పోయాడు."

"ఎక్కడికెళ్ళాడత్తా?"

"ఎక్కడికేంటి? బజారు పక్కన సెలూన్ నడిపే ఆ ఐజిరెక్ లేదూ, దాని సెలూన్ వెనక గదుల్లోకి. ఊరందరికీ తెలుసట. తెలియంది మనిద్దరికే."

సల్కినాయ్ ఏడ్చే మనిషి కాదు. చలికోటు విప్పకుండానే బజారుకు నడిచింది. సెలూన్ ముందు తురుస్‌బెక్ తన కొత్త క్లబ్బు బోర్డు ఎక్కిస్తున్నాడు. చుట్టూ నలుగురు మనుషులున్నారు. వాళ్ళలో అతని పినతండ్రి కొడుకు, టాక్సీ నడిపే కుబాత్ ఉన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"మా నాన్న నలభయ్యో రోజే దొరికిందా నీకు?"

తురుస్‌బెక్ నిచ్చెన దిగలేదు. మీదనుంచే, నలుగురికీ వినబడేట్టు అన్నాడు.

"కోపం తెచ్చుకోకు సల్కినాయ్. ఆ డబ్బాలు నీకే వదిలా. నువ్వూ అవీ ఒకే ఏడాది సరుకు. కొత్త ఆట మీ మీద ఆడదు."

అందరూ నవ్వారు. కుబాత్ కూడా నవ్వాడు. సల్కినాయ్, తురుస్‌బెక్‌లకు పిల్లలు లేరు. ఊరు ఆ మాట ఎన్నిసార్లన్నా, తురుస్‌బెక్ నోటినుంచి మాత్రం ఎన్నడూ రాలేదు. ఆ రోజు ఆ మాట కూడా ఆ నవ్వులోనే ఉందని ఆమెకు తెలిసింది. వెనుదిరిగింది. దారి పొడుగునా కోపం ఆమెతోపాటే నడిచి ఇంటికొచ్చి కూర్చుంది, ఇక లేచి పోలేదు.

ఆ శీతాకాలం ఊరంతా ఒకే ఆట పిచ్చిలో ఉంది. దాని పేరు తోడేలు మైదానం. నడుమెత్తు గడ్డిలో రెండు వేటగాళ్ళ జట్లు, అటు నలుగురు, ఇటు నలుగురు, విల్లంబులతో ఒకర్నొకరు వెతుక్కుంటారు. పాకుతూ, పొంచి ఉండి, గడ్డి కదిలిన చోట బాణం వేస్తారు. తురుస్‌బెక్ కొత్త బోర్డు మీద "ఈ ఊళ్ళో తోడేలు మైదానం ఆడేది మా దగ్గరే" అని ఎర్రక్షరాలతో రాయించాడు. తనూ ఆడతాడు. గడ్డిలో పడుకున్నాడంటే దేవుడికి కూడా దొరకడని పేరు తెచ్చుకున్నాడు.

సల్కినాయ్ ఆ బోర్డు చదివి వచ్చి, పాత పెట్టెల్లో ఒకదాని దుమ్ము దులిపి ఆట ఎక్కించింది. మెమొరీ చాలదని తెర మీద వచ్చింది. ఇంకోదాని మీద ఎక్కించింది. ఆట తెరుచుకుంది, ఒక కొండ కనబడింది, అంతే, ఆ కొండ దగ్గరే బిగుసుకుపోయింది. మూడోది కాసేపు గుర్రుమని ఆరిపోయింది.

"దీనికి ఏం కావాలే?" అంది బుర్మకాన్, పొయ్యి దగ్గర పిండిముక్కలు నూనెలో వేసి బోర్సోకులు వేయిస్తూ.

"మెమొరీ కావాలి. వేగంగా చదివే డిస్కు కావాలి. బొమ్మలు గీసే కార్డు ఇంకాస్త గట్టిది కావాలి. పాతవైనా సరే. బిష్కెక్‌లో దొరుకుతాయి. చేతిలో డబ్బు లేదత్తా."

బుర్మకాన్ జల్లెడగరిట పక్కన పెట్టింది.

"నా గుర్రం అమ్మెయ్."

సల్కినాయ్ గిరుక్కున తిరిగింది. ఆ గుర్రం మామూలు గుర్రం కాదు. తను పోయిన రోజున కోసి, వచ్చినవాళ్ళకు వండిపెట్టడానికని ముసలావిడ చేతులారా మేపుకుంటున్న గుర్రం. దాని మీద ఇంతవరకూ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

"అది నీ చావు గుర్రం అత్తా!"

"తెలుసులేవే. ఈ ఏడు చావను, సరేనా? కన్నకొడుకు తల్లి ఎదుట ఇల్లు ఊడ్చుకుపోతే, వాడి ముక్కు నేలకు రాసేదాకా నాకు చావు రమ్మన్నా రాదు. అమ్ము."

గుర్రం అమ్మిన మర్నాడు పొద్దున్నే కుబాత్ టాక్సీ గుమ్మం ముందు ఆగింది. లోపలికి రావడానికి మొహం చెల్లక హారన్ కొట్టాడు.

"వదినా, బిష్కెక్ వెళ్తావటగా. ఊరికే తీసుకెళ్తా."

"ఆ రోజు నవ్వావుగా. ఆ నవ్వు బాకీ తీర్చుకోడానికొచ్చావా?"

"నవ్వొచ్చింది వదినా. ఇంటికెళ్ళాక మా ఆవిడ అన్నం పెట్టలేదు."

దొలోన్ కనుమ మీద మంచు గాలి. బిష్కెక్‌లో పాత విడిభాగాలమ్మే దుకాణంవాడు ఆమె చెప్పిన మోడళ్ళు విని జాలిపడ్డాడు.

"అక్కా, చచ్చిన గాడిదకు కొత్త నాడాలెందుకు? ఈ డబ్బుతో ఒక మంచిది కొనుక్కో."

"ఆ గాడిదే పరుగెత్తాలి. వేరేది గెలిస్తే నాకు గెలుపు కాదు."

వాడికి అర్థం కాలేదు. అడిగినవి మాత్రం తీసిచ్చాడు.

ఎనిమిదింటిలో నాలుగే నిలబడ్డాయి. మిగతా వాటి కడుపులు కోసి వీటికి పెట్టింది. ఫ్యానుల్లో ఫెల్టు గుడ్డలా పేరుకున్న దుమ్ము బ్రష్షుతో తీసింది, ప్రాసెసర్ మీద ఎండి పెంకైపోయిన లేపనం గీకి కొత్తది రాసింది, కొత్త డిస్కులు బిగించింది. ఈ పనులన్నీ క్లబ్బులో మొదటినుంచీ ఆమెవే. తురుస్‌బెక్ పని గల్లా దగ్గర కూర్చుని కబుర్లు చెప్పడం.

ఆట తెరుచుకుంది. కానీ పెళ్ళి ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూపించినట్టు నడుస్తోంది. మనిషి ఒక చోట కనబడి, కాసేపటికి ఇంకో చోట తేలుతున్నాడు. సల్కినాయ్ ఆటలోని అమరికలు తెరిచి ఒక్కొక్కటే కోసుకుంటూ పోయింది. నీడలు తీసేసింది. నీళ్ళలో ఆకాశం కనబడకుండా చేసింది. దూరపు కొండలు, పొగ, మంచు, అన్నీ పోయాయి. తెర కొలత తగ్గించింది. ఇంకా తడబడుతూనే ఉంది. మిగిలింది గడ్డి. ఆ మీట అట్టడుక్కి లాగింది.

ఆట పరుగెత్తింది.

చూడబోతే కంటికి రోత. నేలంతా మట్టిరంగు అట్టముక్కలా ఉంది. బుర్మకాన్ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదేం మైదానమే! గొర్రెల మంద మేసిపోయినట్టుంది," అంది. కుబాత్ పగలబడి నవ్వి, కుర్చీ లాక్కుని ఆడడం మొదలెట్టాడు. ఇంటర్నెట్‌లో ఎవరో తెలియని ఊరివాళ్ళతో ఆట. కాసేపటికి అతని నవ్వు ఆగిపోయింది.

"వదినా, వీళ్ళు బోడి నేల మీద ఇలా బోర్లా పడుకున్నారేంటి? నన్ను చూసి కదలట్లేదు కూడా. పిచ్చివాళ్ళా?"

సల్కినాయ్ వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆ శీతాకాలంలో ఆమె మొదటిసారి నవ్వింది గానీ, ఆ నవ్వు చూసిన కుబాత్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వాళ్ళ తెరల మీద గడ్డి ఉంది కుబాత్. దాక్కున్నామనుకుంటున్నారు. మన తెర మీద లేదు."

"అయితే... ఇది మోసం కాదూ?"

"ఆట చేసినవాడు పెట్టిన మీట. నేను తిప్పాను. లారీ తెచ్చి ఎవరింట్లోదీ ఎత్తుకురాలేదు."

ఆ సంగతి ఇల్లు దాటనివ్వలేదు. కుబాత్‌ను రోజూ తురుస్‌బెక్ క్లబ్బుకు పంపి, అతనితో ఆడి ఓడిపోయి రమ్మంది. "బాగా ఓడిపో. వాడి తల ఆకాశానికి ఆనాలి. ఎంత ఎత్తుకెక్కితే అంత మంచిది." కుబాత్ ఓడి వస్తూ, అన్న ఎటు పాకుతాడో, ఏ రాతి పక్కన నక్కుతాడో, బాణాలు ఎంత తొందరగా పారేసుకుంటాడో చెప్పేవాడు. ఆమె వినేది. సాయంత్రాలు సాధన చేసేది. ఆటంటే ఆమెకు సరదా ఎన్నడూ లేదు. ఇప్పుడూ లేదు.

వసంతం మొదట్లో వచ్చే నూరూజు పండక్కి తురుస్‌బెక్ పోటీ పెట్టాడు. గెలిచిన జట్టుకు పొట్టేలు. తన క్లబ్బు వాకిట్లో పెద్ద తెల్లగుడ్డ కట్టి, తన తెర మీద ఏం జరుగుతుందో ఊరందరికీ చూపిస్తానన్నాడు. సల్కినాయ్ వెళ్ళి పేరిచ్చింది.

"నువ్వా!" అన్నాడు. "సరే, పండగ పూట వినోదం ఉండాలిగా. మా మిషన్ల మీద ఆడుకో, చవగ్గా ఇస్తా."

"వద్దు. నా డబ్బాల మీద, నా గదిలోంచే ఆడతా."

"ఆడినంతసేపు ఆడు. ఆరిపోతే కబురు చెయ్యి, ఓడినట్టు రాసుకుంటాం."

పండగ మధ్యాహ్నం ఇక్కడ ఆమె, కుబాత్, ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఆ నాలుగు పెట్టెల ముందు కూర్చున్నారు. అక్కడ తెల్లగుడ్డ ముందు కుబాత్ భార్య ఫోన్ పట్టుకుని నిలబడింది. ఇక్కడ బుర్మకాన్ ఫోను చెవికి ఆనించుకుని అక్కడి మాటలు వినిపిస్తోంది.

మొదటి ఆటలో తురుస్‌బెక్ ఎప్పటిలాగే నల్లరాతి ఎడమ పక్కన పడుకున్నాడు. గుట్ట మీదనుంచి సల్కినాయ్ వేసిన బాణం సూటిగా వచ్చి దిగింది.

"అదృష్టం అంటున్నాడు," అంది బుర్మకాన్.

రెండో ఆటలో చోటు మార్చాడు. మారిన చోటే చచ్చాడు.

"ఇప్పుడు ఏమంటున్నాడత్తా?"

"నీళ్ళు తాగుతున్నాడట."

మూడో ఆటలో ఆమె తనవాళ్ళతో, "మిగతా ముగ్గుర్నీ మీరు తీసెయ్యండి. వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు," అంది. ముగ్గురూ పోయారు. తురుస్‌బెక్ ఒంటరిగా మిగిలి, గడ్డి కదిలిన ప్రతి చోటా బాణాలు వేసి, ఒక్కటీ తగలక, అంబులపొది ఖాళీ చేసుకున్నాడు. ఆపైన బోర్లా పడి పాకడం మొదలెట్టాడు. సల్కినాయ్ విల్లు వీపుకు తగిలించుకుంది. కత్తి తీసి, అతని వెనకే నడిచింది. పరుగెత్తలేదు. అతను ఎడమకు పాకితే ఎడమకు, కుడికి పాకితే కుడికి, గొర్రె వెనక కాపరిలా. అతను ఆగితే ఆగింది. తెల్లగుడ్డ మీద గడ్డిలో పాకుతున్న మగాడూ, అతని వెనకే తీరిగ్గా నడిచివస్తున్న ఆడమనిషీ ఊరందరికీ కనబడుతున్నారు.

"నవ్వుతున్నారే కోడలా," అంది బుర్మకాన్, ఫోను చెవినుంచి తీసి అందరికీ వినబడేట్టు పెట్టి. వాకిట్లో నవ్వు గదిలోకి దూకింది.

"వాణ్ణి కూడా విననివ్వు," అంది సల్కినాయ్. ఇంకాసేపు నడిపించింది. కుబాత్ మెల్లగా, "చాల్లే వదినా, పొడిచెయ్," అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. నవ్వు దానంతటదే అలసిపోయి తగ్గాక, అప్పుడు పొడిచింది.

తురుస్‌బెక్ ఊగిపోతూ సల్కినాయ్ గదికి వచ్చాడు. వెనకాలే సగం ఊరు వచ్చింది. "దొంగాట! ఏం పెట్టారు ఇందులో? చూపించండి!" అని అరిచాడు. సల్కినాయ్ కుర్చీ జరిపి చూపించింది. ఆట మళ్ళీ వేసి చూపే వీలుంది, వేసింది. మట్టిరంగు బోడి నేల. దాని మీద తురుస్‌బెక్, అతని ముగ్గురు వీరులు, ఊపిరి బిగబట్టి, ఎవరికీ కనబడమనుకుంటూ వంగి కూర్చుని ఉన్నారు.

"కడుపు చెడినట్టుంది పాపం, నలుగురికీ ఒకేసారి," అంది బుర్మకాన్.

జనం విరగబడ్డారు. తురుస్‌బెక్ చెవులు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి.

"గడ్డేది?" అన్నాడు, తెర మీదికి వంగి.

"నా మిషన్‌కి అంత గడ్డి మొలిపించే ఓపిక లేదు తురుస్‌బెక్. ముసలిదిగా."

ఆ రోజునుంచి అతనికి బోడిమైదానం అనే పేరు పడింది. బజారులో కూరగాయలమ్మేవాళ్ళు కూడా అలాగే పిలిచారు. పరువు కోసం తన కొత్త కంప్యూటర్లలో కూడా గడ్డి తీసేశాడు. అప్పుడు ఆడేవాళ్ళకు అనుమానం వచ్చింది: ఇదే బోడి నేల సల్కినాయ్ దగ్గర చవగ్గా, వేడి బోర్సోకులతో సహా దొరుకుతుంటే ఇక్కడెందుకని. ఎండాకాలం వచ్చేసరికి క్లబ్బు ఖాళీ. కంప్యూటర్లు అమ్మేసి, పని వెతుక్కుంటూ సరిహద్దు దాటి అల్మాటీ పోతానన్నాడు. సెలూన్ వదిలి రానంది ఐజిరెక్.

వెళ్ళేముందు తల్లి దగ్గర సెలవు తీసుకోడానికి వచ్చాడు. ముసలావిడ ఆనవాయితీగా అతని నుదురు వాసన చూసి, ముద్దుపెట్టి, రొట్టె మూటకట్టి ఇచ్చింది. మాట మాత్రం ఆడలేదు. గుమ్మం దగ్గర అతను సల్కినాయ్ వైపు తిరిగాడు.

"చాలా?"

"చాల్లేదు," అంది ఆమె.

నిజమే చెప్పింది. క్లబ్బు కళకళలాడుతున్నా ఆ వేసవంతా ఆమెకు నోట్లో రుచి లేదు. ఎవర్ని చూసి కోపం తెచ్చుకోవాలో తెలియక, టీ చల్లారిందని డ్రైవర్లను కసిరేది. ఒక ఆదివారం పొద్దున, కుర్చీలు ఖాళీగా ఉంటే, ఊరికే తోడేలు మైదానం తెరిచింది. ఎవరెవరో, ఏవేవో పేర్లు. వాళ్ళలో ఒకడు నల్లరాతి ఎడమ పక్కకు పాకి, మోకాలు ముడిచి, తల మాత్రం కొంచెం ఎత్తి పడుకున్నాడు. పేరు వేరే. పడుకోవడం మాత్రం, ఒకే పక్క మీద ఏళ్ళ తరబడి చూసిన పడుకోవడం.

ఆమె వీపు నిటారైంది. పక్క కుర్చీలో ఉన్ని వడుకుతున్న బుర్మకాన్ అది కనిపెట్టింది.

"వాడేనా?"

"వాడే."

ముసలావిడ కదురు ఆపింది. తెరకు దగ్గరగా జరిగి, ఆ మట్టిరంగు నేల మీది చిన్న బొమ్మను చాలాసేపు చూసింది.

"ఏమన్నా తిన్నాడో లేదో అడగవే."

ఆ ఆటలో ఒకరికొకరు మాటలు రాసుకోవచ్చు. సల్కినాయ్ ముందు విల్లు ఎక్కుపెట్టింది. బాణం వదిలింది. అతను పక్కకు ఒరిగిపోయాక, రాసింది: "మీ అమ్మ అడుగుతోంది, తిన్నావా?"

"తిన్నా," అని వచ్చింది. దాని కింద ఇంకో వరుస: "రేపు కూడా ఉంటావా?"

"ఏమన్నాడు?" అంది తల్లి.

"తిన్నాడట," అంది సల్కినాయ్. రెండో వరుస చదివి వినిపించలేదు. అంబులపొదిలో బాణాలు నింపుకుంది.