సంకల్పంలో చెప్పని పేరు

“వస్తావా, రావా?” అన్నారు ఆయన.

“నడుం పట్టేసిందండి. మీరెళ్ళి రండి.”

“పీటల మీద ఒక్కడినే కూర్చుంటే మీ ఇంటావిడేరీ అంటారు పంతులుగారు. ఏం చెప్పను? నిన్ను కూడా కువైట్ పంపించేశానని చెప్పనా?”

“మీ ఇష్టం.”

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. ఆయన నవ్వుతూ అన్నారు, నేను నవ్వకుండా అన్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. రాజమండ్రి బస్టాండులో అన్నవరం బస్సు కోసం నిలబడి ఉండగా గుండె పట్టుకుని కింద కూర్చుండిపోయారట. ఎవరో సోడా తాగించారట. ఆ సోడా తాగించిన మనిషే ఆయన ఫోన్లోంచి నాకు చేశాడు. నా నడుం ఆరోజు బాగానే ఉంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. అది కూడా డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు నేర్పించారు. మీ మాటల్లోనే చెప్పి రాయించండమ్మా, అందులోంచి కోర్టుకి కావలసింది నేను ఏరుకుంటాను అన్నారు రాజమండ్రి లాయరుగారు. ఎవరి పేరూ రాయొద్దని పిల్లకి చెప్పాను. మాతోపాటు సంతకాలు పెట్టాల్సిన మిగతావాళ్ళు పేర్లు చూస్తే బెదిరిపోతారు. ఇప్పటికే బెదిరిపోయి ఉన్నారు.

కువైట్ సంగతి చెప్పాలి. మాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మాది రావులపాలెం పక్క పల్లె, గోదావరి లంకలో ఎకరం అరటితోట ఉంది. మా అబ్బాయి ఇరవై ఒకటో ఏట మా వీధి పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడు. పట్టిసీమలో స్నేహితుడి ఇంట్లో నాలుగు రోజులున్నారు. ఆ పిల్లకి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఐదు నెలలుంది. వాళ్ళ నాన్న కేసు పెట్టాడు. నా ఇష్టంతోనే వెళ్ళానని మొదట్లో చెప్పింది ఆ పిల్ల. తర్వాత చెప్పలేదు. ఆ వయసుకి ఇష్టమన్న మాట కోర్టులో చెల్లదన్నారు. ఏడేళ్ళు పడింది.

ఆ పిల్ల తల్లీ నేనూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టినవాళ్ళం. ఆవిడ కూడా నాలాగే చాలాకాలం వీధిలోకి రాలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ చట్టం వద్దనీ అనను, చిన్నపిల్లలకి అది ఉండాలి. నా కొడుకు తప్పు చేయలేదని కూడా అనను. పదిహేడేళ్ళ పిల్లని తీసుకెళ్ళినవాడు తప్పు చేసినవాడే. దానికి ఏడేళ్ళు లోపలున్నాడు.

అమ్మాయిని మండపేట వైపు ఇచ్చాం. సంబంధం ఖాయమయ్యేటప్పుడు, “మీ అబ్బాయేం చేస్తాడండి?” అని అడిగారు. “కువైట్‌లో ఉన్నాడండి,” అన్నాను. ఆయన నా ముఖంకేసి చూసి ఊరుకున్నారు. ఒక్క మాట అనేశాక దాన్ని పోషించాలి కదా. మా అబ్బాయి విడుదలై వచ్చిన వారానికి ఆయన రాజమండ్రి బజారులో ఖర్జూరాలు, వాసన సబ్బులు కొన్నారు. సంచీ పట్టుకుని వియ్యపురాలి ఇంటికి వెళ్ళాం.

ఆవిడ సబ్బు వాసన చూసి, “మా తోడికోడలు కొడుకు తెచ్చినవీ ఇవేనండి. అక్కడ ఎండలెలా ఉన్నాయంట?” అంది.

“లోపలే పనండి వాడికి. ఎండ తగల్దు,” అన్నారు ఆయన.

బస్సెక్కాక రావులపాలెం దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

శిక్ష అయిపోతే అయిపోయినట్టే అనుకున్నాం. కాదట. స్టేషనులో మా అబ్బాయి పేరు మీద షీటు తెరిచారు. ఫొటో, వేలిముద్రలు కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆదివారం ఆదివారం వెళ్ళి సంతకం పెట్టాలి. చుట్టుపక్కల ఎక్కడ ఆడపిల్ల కనపడకపోయినా ముందు మా ఇంటికి వచ్చేవారు. ఒకసారి పరీక్ష పోయిందని భయపడి ఒక పిల్ల వాళ్ళ అమ్మమ్మ ఊరు వెళ్ళిపోతే, మా అబ్బాయిని రెండు రోజులు కూర్చోబెట్టారు. ఆ పిల్ల దొరికాక పంపించేశారు. ఇంటికి వచ్చి అన్నం అడగలేదు. కత్తి తీసుకుని తోటలోకి పోయి ఎండుటాకులు కోసుకుంటూ ఉన్నాడు.

“ఇది ఎన్నేళ్ళండి?” అని ఆయన లాయరుగారిని అడిగారు.

“ఎన్నేళ్ళని ఎక్కడా తేల్చి చెప్పలేదండి. తీసెయ్యమని అడగాలి. మీరు ఒక్కరే అడిగితే మీ గోడుగానే ఉంటుంది. పది కుటుంబాలు సంతకాలు పెడితే, అన్ని కేసులనీ ఒకే గాటన కట్టకండి, షీటుకి ఒక గడువు పెట్టండి అని పిటిషను వేస్తాను,” అన్నారు లాయరుగారు.

పది కుటుంబాలు. ఏడేళ్ళు జైలు గేటు ముందు నిలబడ్డాం కాబట్టి ఆయనకి ముఖాలు తెలుసు. ఆ గేటు దగ్గర ఒక చిత్రం ఉండేది. హత్య కేసులో ఉన్నవాడి తల్లి, “మావాడు పొలం గట్టు దగ్గర బాబాయిని నరికేశాడమ్మా,” అని గట్టిగా చెప్పేది. ఆవిడకి పక్కవాళ్ళు మంచినీళ్ళు ఇచ్చేవారు. మావాడిది ఏం కేసని అడిగితే నేను “కొట్లాట కేసు” అనేదాన్ని. నా వెనకావిడా కొట్లాటే అనేది. ఆ వెనకాయనా కొట్లాటే. అలా కొట్లాట కేసులంటూ తల దించుకున్నవాళ్ళందరినీ ఆయన గుర్తుపెట్టుకున్నారు.

ఎక్కడ కలవాలన్నది కష్టమైంది. ఎవరూ తమ ఇంటికి రమ్మనలేదు. హోటల్లో అయితే వింటారు. లాయరుగారి ఆఫీసుకి వెళ్తే చూస్తారు. అన్నవరం ఆలోచన నాదే. సత్యనారాయణస్వామి వ్రతానికి ఎక్కడెక్కడి జంటలో వస్తారు, పక్కపక్కన కూర్చుంటారు, ఎవరు ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. వ్రతం చేసుకున్నట్టూ ఉంటుంది, తర్వాత చెట్టు కింద కూర్చుని మాట్లాడుకోవచ్చు. “నీ బుర్ర లాయరు బుర్రే,” అన్నారు ఆయన.

ఆరు జంటలు వచ్చాయి. తుని నుంచి ఒక కిరాణా వ్యాపారి దంపతులు, ఒక రిటైరైన మాస్టారు దంపతులు, ఇద్దరు రైతులు వాళ్ళ ఆడవాళ్ళతో, కొవ్వూరు అవతల నుంచి ఒక కూలి మనిషీ ఆయన భార్యా, మేము. టిక్కెట్లు తీసుకుని ఒకే వరసలో కూర్చున్నాం. అందరం తెలియనట్టే కూర్చున్నాం.

అన్నీ ఆలోచించి ఒక్కటి మరిచిపోయాను. వ్రతమన్నాక ముందు సంకల్పం ఉంటుంది. గోత్రం, పేర్లు, పిల్లల పేర్లు పైకి చెప్పాలి. పెళ్ళైన ఏడాది నుంచీ వ్రతం చేస్తున్నదాన్ని, నాకు తెలియని సంగతా అది? పేర్లు బయటపడకూడదని వెతికి వెతికి, పేర్లు పైకి చెప్పించే చోటికే అందరినీ తీసుకొచ్చాను.

పంతులుగారు వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చారు. తుని వ్యాపారి నోట్లోనే ఏదో గొణిగాడు. మాస్టారు తన పేరు చెప్పి, “పిల్లలు లేరండి,” అన్నారు. పక్కనున్న ఆయన భార్య పీట మీదున్న పసుపు వినాయకుణ్ణి చూస్తూ ఉండిపోయింది.

మా ఇంట్లో గోత్రం, తన పేరు, నా పేరు ఆయన చెబుతారు. పిల్లల పేర్లు నేను చెబుతాను. అది మొదటి నుంచీ వస్తున్న అలవాటు. మా వెనక వరసలో మండపేట మాట తీరు వినపడింది. ఎవరో ఏమో, వియ్యపురాలి తాలూకు వాళ్ళేమో. ఆయన చెప్పడం అయిపోయింది. నేను అమ్మాయి పేరు చెప్పాను. ఆగాను.

“ఇంకెవరున్నారమ్మా?” అన్నారు పంతులుగారు.

“అంతేనండి,” అన్నాను.

మా ఆయన చేతిలో అక్షింతలున్నాయి. చెయ్యి అలాగే ఉంది. తలెత్తి నన్ను చూస్తారనుకున్నాను, చూడలేదు.

చివర కూర్చున్న కొవ్వూరు ఆవిడ మాత్రం కొడుకు పేరు పూర్తిగా చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. “వాడికి మంచి బుద్ధి ఇమ్మని చెప్పండి పంతులుగారూ,” అని కూడా అంది.

వ్రతమయ్యాక ప్రసాదం పొట్లాలు పట్టుకుని ఒక చెట్టు నీడన చేరాం. ఆయన లాయరుగారి కాగితం తీశారు. ముందు ఎవరి కేసు ఏంటో చెప్పుకుందామన్నారు.

“మావాడిది ప్రేమ వ్యవహారమండి,” అన్నాడు వ్యాపారి.

“మాదీ అంతే. అసలు మావాడు ఆ ఊళ్ళోనే లేడు,” అన్నారు మాస్టారు.

“పిల్లలు లేరన్నారు కదండి ఇందాక,” అన్నాడు ఒక రైతు. కొంచెం నవ్వులొచ్చాయి. మాస్టారు నవ్వలేదు.

కొవ్వూరు ఆవిడ వంతు వచ్చింది. “మావాడు చేశాడండి. ఎనిమిదేళ్ళ పిల్ల. చేయలేదని నేను చెప్పను. శిక్ష అయ్యి వచ్చాడు. మందులు మింగుతాడు, మేము కాపలా ఉంటాం. ఊరోళ్ళు మా ఇల్లు తగలబెట్టబోయారు. మా చిన్నోడికి పన్నెండేళ్ళు, వాడిని బడిలో కూర్చోనివ్వడం లేదు. వాడేం చేశాడండి?”

వ్యాపారి భార్య తన పొట్లం తీసుకుని అటు జరిగింది. తర్వాత రైతుల ఆడవాళ్ళు జరిగారు. నేనూ జరిగాను. జానెడు జరిగానేమో. ఆవిడ చూసింది. తన పొట్లంలో ప్రసాదం ఆవిడ తినలేదు, మూట కట్టుకుంది.

వెళ్ళేటప్పుడు వ్యాపారి ఆయనని పక్కకి పిలిచాడు. “అందరం సంతకాలు పెడతామండి. తునిలో నాకు తెలిసినవాళ్ళు ఇంకో ఐదుగురున్నారు, వాళ్ళ చేతా పెట్టిస్తాను. ఆవిడ పేరు మాత్రం ఉండకూడదు. ఆవిడ పక్కన మా పేరుంటే మేమూ అదే అనుకుంటారు జనం.”

“మీ పేరు చూస్తే జనం ఇప్పుడేమనుకుంటున్నారండి?” అన్నారు ఆయన. వ్యాపారికి కోపం వచ్చింది.

దారంతా నేను అదే చెప్పాను. ఆవిడని వదిలేయండి, పది పేర్లు వస్తాయి, మన పిల్లాడు బయటపడతాడు అని. ఆయన చాలాసేపు విన్నారు. విని, “నువ్వు వాడినే వదిలేశావు కదే,” అన్నారు. అంతే అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత నెలలో రెండోసారి రమ్మని అందరికీ ఫోన్లు చేశారు. ఆవిడ పేరు తీయనని మిగతావాళ్ళ ముఖం మీదే చెప్పి, వాళ్ళని ఒప్పించాలని ఆయన ఉద్దేశం. నన్ను రమ్మన్నారు. పీటల మీద కూర్చుంటే ఈసారీ పంతులుగారు అడుగుతారు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను, ఏ ముఖం పెట్టుకుని చెప్పకుండా ఉండను? అందుకని నడుం పట్టేసిందన్నాను.

దినవారాలయ్యాక ఆయన సంచీ విప్పాను. కాగితంలో పైన ఆయన సంతకం. దాని కింద కొవ్వూరు ఆవిడ వేలిముద్ర. మిగతాదంతా ఖాళీ.

“పోయినవారి సంతకం పనికిరాదమ్మా. ఆ చోట మీరు పెట్టాలి,” అన్నారు లాయరుగారు.

వ్యాపారి పరామర్శకని ఫోన్ చేసి, రెండు మాటలు మాట్లాడి, “ఆయన మొండిమనిషండి. మీరైనా ఆలోచించండి,” అన్నాడు. ఒక్క పేరు కొట్టేస్తే మిగతా తొమ్మిది పేర్లూ వస్తాయి. ఆ పూట నిజంగానే ఆలోచించాను. అబద్ధమెందుకు, కొట్టేద్దామనే అనుకున్నాను. కొవ్వూరు ఆవిడకి ఫోన్ కూడా చేశాను.

నేను నోరు తెరవకముందే ఆవిడే అంది. “నా వేలిముద్ర తీసేయించండమ్మా. మా మూలాన మీరందరూ ఎందుకాగిపోవాలి? మీ ఆయనగారికి మొన్నే చెప్పాను, వినలేదు.”

“మీరు అన్నవరంలో ప్రసాదం తినలేదు కదా. ఎందుకు?” అన్నాను. ఏం అడగాలో తెలియక అడిగాను.

“మావాడి కోసం దాచానమ్మా. గుడికి రానివ్వరు కదా వాడిని.”

ఫోన్ పెట్టేశాక మళ్ళీ నేనే చేసి చెప్పాను, మీ వేలిముద్ర అక్కడే ఉంటుంది, దాని పైన నా సంతకం ఉంటుంది అని. ఆవిడ ఏడుస్తోందని తెలిసింది.

రెండు పేర్లతో పని జరగదని నాకు తెలుసు. లాయరుగారు కూడా నిక్కచ్చిగానే చెప్పారు. వియ్యపురాలికి ఖర్జూరాల సంగతి తెలిసిపోతుంది. అమ్మాయి నాతో నాలుగు రోజుల్నుంచి మాట్లాడటం లేదు, దాని బాధ దానిది. నేను ఇక అన్నవరంలో పీటల మీద కూర్చోను, ఆయన లేరు కాబట్టి. గోత్రనామాలు చెప్పమ్మా అని నన్ను అడిగేవాళ్ళు లేరు. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు.

ఇక చాలు. రాసింది చదువమ్మా, నా సంతకం పెట్టేముందు మొత్తం వినాలి. నువ్వు పేర్లు రాయలేదు, మంచిదే. చదివేటప్పుడు మాత్రం మా అబ్బాయి అని వచ్చిన చోటల్లా వాడి పేరు పెట్టి చదువు. గట్టిగా చదువు. పెరట్లో గెలలు సర్దుతున్నాడు, వాడికి వినపడాలి.