సుమారు గిట్టని మేస్త్రీ

మా రోడ్డు మేస్త్రీకి ‘సుమారు’ అనే మాట గిట్టదు. అదొక్కటే కాదు, ‘దాదాపు’, ‘ఇంచుమించు’, ‘ఓ పది’, ‘ఉంటుందేమో’ లాంటివి ఏవి చెవిన పడినా ఆయన ముఖం చేదుమాత్ర నమిలినట్టు మారిపోయేది. ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని ‘కొలబద్ద’ అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఆయనకు పైఅధికారిని, నాకూ లేదు.

నేను జూనియర్ ఇంజినీరుగా చేరిన రోజున ఆయన అడిగిన మొదటి ప్రశ్న నా చదువు గురించి కాదు.

“ఇల్లెక్కడ తీసుకున్నారు ఇంజినీరమ్మా?”

“స్టేషన్ దగ్గరండీ.”

“దగ్గరంటే?”

“ఓ అర కిలోమీటరు ఉంటుందేమో.”

మర్నాడు పొద్దున నా బల్ల మీద ఒక చీటీ ఉంది. ‘స్టేషన్ గేటు నుంచి మీ గుమ్మం వరకు ఆరు వందల పన్నెండు మీటర్లు. మెట్లు కలపలేదు.’

మా రాష్ట్ర రహదారి ఆ స్టేషన్ గేటు దగ్గర మొదలై నది రేవు దగ్గర ముగుస్తుంది. పొడవు నలభై ఒక్క కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. దాని చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు, మేస్త్రీ నోట్లో ఉంది. మొదట అది రాతిగని నుంచి రేవుకు రాళ్లు తోలే బండ్ల దారి. ఎడ్లు ఎక్కడ మొండికేసి పక్కకు తిరిగాయో అక్కడే ఈనాటికీ మలుపులున్నాయని ఆయన వాదన. తర్వాత కంకర పరిచారు, ఆ తర్వాత తారు పోశారు. ఒక ఏడాది వరదొచ్చి తొమ్మిదో కిలోమీటరును ఆసాంతం ఎత్తుకుపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన టోపీ తీసి ఒక నిమిషం మౌనంగా నిలబడేవారు. ఇంట్లో మనిషి పోయినంత బాధ కనిపించేది ఆ ముఖంలో. వినేవాళ్లు కూడా నిలబడక తప్పేది కాదు.

ఒకసారి టీ కొట్టు దగ్గర లారీ ఆపి ఒక డ్రైవరు అడిగాడు.

“పెద్దాయనా, రేవు ఇంకో పది కిలోమీటర్లుంటుందా?”

“ఉండదు.”

“మరి?”

“తొమ్మిది కిలోమీటర్ల ఎనిమిది వందల అరవై మీటర్లు. అదీ మీ ముందు చక్రం నుంచి. వెనక చక్రానికైతే ఇంకో ఆరు మీటర్లు కలుపుకోండి.”

ఆయన భార్య ఒకసారి నా దగ్గర వాపోయింది. “ఇరవై తొమ్మిదేళ్ల కాపురమమ్మా. నా మీద ప్రేముందా అని అడిగితే ఉందన్నారు. ఎంత అన్నాను. కొలిచి చెప్తానని టేపు వెతకడానికి వెళ్లిన మనిషి ఇంకా రాలేదు.”

ఈ రోడ్డు మీద బస్సులు కిలోమీటరు రాళ్ల దగ్గర మాత్రమే ఆగుతాయి. ఎప్పుడో ఎవరో పెట్టిన నియమం. డ్రైవర్లు దాన్ని పొల్లు పోకుండా పాటిస్తారు. రాయికి పది అడుగులు ఇవతల నిలబడి చెయ్యి ఊపితే వాళ్లూ మర్యాదగా చెయ్యి ఊపి వెళ్లిపోతారు.

నేను చేరిన రెండో ఏడు పైఆఫీసు నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చారు. కొలత చక్రంతో రోడ్డంతా కొలిచి, తప్పుచోట ఉన్న రాయిని పీకి సరైన చోట పాతించాలని ఉత్తర్వు. ఇక మేస్త్రీని పట్టలేమనుకున్నాను. ఆయన ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు. ఆ సాయంత్రం ఎవరి లెక్కా సరిదిద్దకుండా ఇంటికి వెళ్లిపోయారు. నాకు భయం వేసింది.

మొదటి రోజు ఇరవై రెండో రాయి వరకు కొలిచాం. కూలీ చక్రం తోశాడు, నేను నోటుబుక్కు పట్టుకుని నడిచాను, అధికారి జీపులో వెనకే వచ్చారు. ఒక్క రాయి కూడా ఉండాల్సిన చోటు నుంచి బెత్తెడు జరిగి లేదు. రెండో రోజు పొద్దున్నే మేస్త్రీ చక్రం అందుకున్నారు.

“ఇవాళ నేను తోస్తానమ్మా.”

తోయడం మొదలుపెట్టారు. “ఇదిగో సార్, ఇక్కడ పాత కంకర గుంట ఉండేది,” అంటూ రోడ్డు ఎడమ అంచుకు వెళ్లారు. “అదిగో, అక్కడ ఎడ్లకు నీళ్లు పట్టేవాళ్లు,” అంటూ కుడి అంచుకు వచ్చారు. ఎడమన రోడ్డు రోలరు దిగబడిన చోటు, కుడిన మొదటి బస్సు టైరు పేలిన చోటు. చక్రం టకటకమంటూ చరిత్రతోపాటు అటూ ఇటూ తిరిగింది. ఒక్క కిలోమీటరులో ఇన్ని ఘట్టాలు జరిగాయని నాకు ఆ రోజు దాకా తెలియదు.

“ఏమయ్యా మేస్త్రీ, తిన్నగా నడవలేవా?” అని జీపులోంచి కేక వినిపించింది.

“చరిత్రే తిన్నగా లేదు సార్.”

ఇరవై మూడో రాయి వచ్చింది. దాన్ని ఆనుకుని ఒక చిన్న ఇల్లు, ఇంటి ముందు చంకలో కర్రతో ఒకామె నిలబడి ఉంది. బట్టలు కుట్టే మనిషి. రోజూ కుట్టిన బట్టల మూటతో బస్సెక్కి ఊళ్లోని దుకాణానికి వెళ్తుంది. ఆ ఇల్లు దాటగానే రోడ్డు నిటారుగా పైకి లేస్తుంది.

“ఈ రాయి పీకేస్తారా సార్?” అని ఆమె అధికారిని అడిగింది. “ఆ ఎత్తు మీద పాతారంటే ఈ కర్రతో, ఈ మూటతో నేను ఎక్కలేనండీ. బస్సు ఇక్కడ ఆగితేనే నాకు పని.”

మేస్త్రీ చక్రాన్ని రాయికి ఆనించి ఆపారు. అధికారి వంగి అంకె చూశారు. సరిగ్గా వెయ్యి.

“రాయి ఉన్నచోటే ఉంటుందమ్మా.”

ఆమె గట్టిగా ఊపిరి వదిలి మేస్త్రీ వైపు తిరిగింది. “నా అదృష్టం చూడండి. కిలోమీటరు వచ్చి వచ్చి మా గుమ్మం ముందే పూర్తయింది.”

“మనదేముందమ్మా, కొలత అలా వచ్చింది,” అన్నారాయన నేల చూస్తూ.

ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగుతూ అధికారి అరుగు మీద కూర్చున్నారు. మేస్త్రీ చక్రాన్ని భుజానికెత్తుకుని ఎత్తు ఎక్కడం మొదలుపెట్టారు. నేను వెనకే పరిగెత్తాను.

“చక్రం కింద పెట్టరేం?”

“ఎత్తు కదమ్మా. పాపం, అలిసిపోతుంది.”

పైకి వెళ్లాక రోడ్డు పక్కన గడ్డిలో ఒక గుంట కనిపించింది. నలుచదరంగా, ఒకప్పుడు రాయి నిలబడినంత మేర. పన్నెండేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లన్నీ తీసి మళ్లీ పాతించింది ఈ మేస్త్రీయే. ఆయన సరిగ్గా ఆ గుంట పక్కన చక్రం దించి, అంకె చూసుకుని, ఇక తిన్నగా తోయసాగారు. ఎడమన గానీ కుడిన గానీ చరిత్ర ఊసే లేదు.

“ఆమె మీకేమవుతుంది మేస్త్రీ గారూ?”

“ఏమీ కాదమ్మా. ఒకసారి బస్సు కోసం ఈ ఎత్తు ఎక్కుతుంటే చూశాను. రెండు వందల మీటర్లకి ఏడుసార్లు ఆగింది.”

నోటుబుక్కులో ‘ఇరవై మూడు: సరిగ్గా ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన పక్కనుంచి తొంగి చూసి, “గీత మీద రాయలేదమ్మా, వంకరగా వచ్చింది,” అన్నారు.

మర్నాడు రేవు చేరేసరికి మొత్తం లెక్క నలభై ఒక్క కిలోమీటర్ల ఆరు వందలు. మీటరు హెచ్చు లేదు, తగ్గు లేదు. ఇంత కచ్చితమైన రోడ్డు తన సర్వీసులో చూడలేదని అధికారి మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఊపి, జీపెక్కి వెళ్లిపోయారు. రేవులో మేమిద్దరమే మిగిలాం. నేను ఊరుకోలేకపోయాను.

“మేస్త్రీ గారూ, ఇరవై మూడో రాయి నుంచి ఇరవై నాలుగో రాయికి ఎంత దూరం?”

ఆయన టోపీ తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. నది వైపు చూశారు. రెండుసార్లు దగ్గారు.

“ఓ కిలోమీటరు ఉంటుందేమో ఇంజినీరమ్మా.”