పెనుకొండ నుంచి ధర్మవరం దాకా ఒక్క సలహా లేకుండా

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. తలలో పట్టుమని పది తెల్లవెంట్రుకలు కూడా లేవు. అయినా అయిదారేళ్ళ కిందటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే ఎవరో పక్కింటి పిల్లను చూస్తున్నట్టే ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో టిఫిన్ డబ్బా, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఇట్టే పసిగట్టేస్తానన్న ధీమా. (ఎదుటివాళ్ళ సంగతి అటుంచితే, ఆ పిల్ల మనసులో ఏముందో ఆ పిల్లకే తెలియదని తర్వాత తేలింది. అదే ఈ కథ.)

మాది హిందూపురం. నాయన పరుపులు కుట్టేవాడు. నేను డిగ్రీ అయ్యాక టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పి, ధర్మవరంలో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో చేరాను. హాజరు పట్టీలు రాయడం, బడికి రాని పిల్లల ఇళ్ళకు ఫోన్లు చేసి తిట్లు తినడం నా పని. ఒకరోజు మా కరస్పాండెంట్ సారు మీటింగులో, "పిల్లోళ్ళతో కూర్చోని మాట్లాడేదానికి ఒక కౌన్సెలర్ కావాల. మనోళ్ళలోనే ఎవురన్నా చదువుకోని సర్టిఫికెట్ తెస్తే, మెట్ల పక్క గది వాళ్ళకే," అన్నాడు. ఆ గదికి కిటికీ ఉంది. మా ఆఫీసుకు లేదు. కిటికీ కోసం మనోవిజ్ఞాన శాస్త్రం చదివినవాళ్ళు ప్రపంచంలో నాతోపాటు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. అలా ఏడాది పాటు ఆన్‌లైన్‌లో చదివే అప్లైడ్ సైకాలజీ కోర్సులో చేరిపోయాను.

ఇంట్లో చెప్పినప్పుడు నాయన దారం కొస నోటితో తెంపి, "పిచ్చోళ్ళ చదువా?" అన్నాడు. కాదు నాయనా, మామూలోళ్ళ చదువే అన్నాను. "మామూలోళ్ళకు చదువెందుకు? బాగానే ఉండారు కదా?" అన్నాడు. దానికి జవాబు మా పాఠాల్లో ఎక్కడా దొరకలేదు. అయినా ఆరోజు నుంచి ఇంటికి వచ్చినవాళ్ళందరితో, "మా పాప మనసు కోర్సు చేస్తాంది," అని చెప్పుకునేవాడు. ఆ గొంతులోని గర్వం వినబడగానే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఎందుకంటే క్లాసుల్లో నా పరిస్థితి ఆయనకు తెలియదు.

పొద్దున పాసింజరులో ధర్మవరం పోయేటప్పుడు పాత పాఠాలు వినడం, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు లైవ్ క్లాసు. పెనుకొండ చుట్టుపక్కల కొండల్లో సిగ్నల్ పోయి, మేడం మొహం నోరు తెరిచినచోటే ఆగిపోయేది. అదేమీ పెద్ద కష్టం కాదు. అసలు కష్టం వేరే. క్లాసులో మిగతావాళ్ళంతా పెద్ద ఊళ్ళవాళ్ళు, గడగడా ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు. నేను కెమెరా కట్టేసి, మైకు ఆపేసి, అటెండెన్సుకు మాత్రం ఒక ముక్క టైపు చేసి దాక్కునేదాన్ని. ఏడు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. మేడం నా పేరు పిలుస్తుందేమోనన్న భయంతో సిగ్నల్ పోవాలని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి. (పోయేది కూడా. మా కొండలు మంచివి.)

అప్పుడొచ్చింది ప్రాక్టికల్. ఇంటివాళ్ళు కాని మనిషి ఒకరిని, వాళ్ళ అనుమతితో, అరగంట మాట్లాడించి రికార్డు చేసి పంపాలి. మనం అయిదు నిమిషాలకు మించి మాట్లాడకూడదు. ముఖ్యంగా ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు. ఇందులో తప్పితే కోర్సు తప్పినట్టే, మెట్ల పక్క గది మర్చిపోవాల్సిందే. మొదట ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను. సాధన కోసం నాయన దగ్గర కూర్చుని, "నాయనా, నీ మనసులో ఏముండాది, చెప్పు," అన్నాను. "దూది ఉండాది. ఎల్లుండికి రెండు పరుపులియ్యాల," అన్నాడు. నేను పుస్తకంలో చెప్పినట్టు తల ఊపుతూ ఆయన కళ్ళలోకే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి లోపలున్న అమ్మకు కేకేశాడు: "మే, పాపకు జరమొచ్చిందేమో సూడు."

తర్వాత రైల్లో ప్రయత్నించాను. మా ఆడవాళ్ళ పెట్టెలో రోజూ వచ్చే పోస్టాఫీసు అక్క ఒకావిడ ఉండేది. మోకాలి నొప్పి గురించి చెప్పమని ఫోను ఆన్ చేశాను. ఆమె "ఎడమ మోకాలు..." అన్నదో లేదో, పై బెర్తు నుంచి ఒకరు మెంతులన్నారు, కిటికీ దగ్గర నుంచి ఒకరు నల్లేరన్నారు, ఎవరో ఎదురు సీటావిడ ఏకంగా తన కాలు చాపి చూపించింది. మా పెట్టెలో ఒకరి కష్టం విని ఊరుకోవడమంటే మర్యాద తెలియని పని. వీళ్ళందరినీ ఎలా ఆపాలా అనుకుంటుండగా ఇంకొక గొంతు గట్టిగా, "ఆముదం వేడి చేసి రుద్దక్కా, మా అవ్వ అదే రాసేది," అనడం వినబడింది. అది నాదే.

ఇక పంపాల్సిన ఆఖరి రోజు, శుక్రవారం వచ్చేసింది. ఆ పొద్దున నాకు మిగిలింది రైలు పరిచయమైన పెనుకొండ పెద్దమ్మ ఒక్కతే. ఆమె పెనుకొండలో ఎక్కేది, నేను హిందూపురం నుంచి ఆమె కోసం పక్క సీటు మీద నా సంచీ పెట్టుకుని వచ్చేదాన్ని. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్ళలో అచ్చులు అతకడం ఆమె పని. అంటే, మగ్గం మీద నిలువుగా సాగే పాత పడుగు అయిపోవస్తుంటే, దాని ఒక్కొక్క పోగు కొసకూ కొత్త పోగును వేళ్ళతో మెలిపెట్టి కలపడం. వేల పోగులు. పని ఎంత నెమ్మదో మనిషీ అంత నెమ్మది. సంగతి చెప్పి, రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను.

"నా ఫోటో పడతాదా?" అంది.

"పడదు పెద్దమ్మా, గొంతొక్కటే."

"అయితే సరే. గొంతుకు పౌడరక్కర్లే కదా." కొంగు సర్దుకుని మాత్రం కూర్చుంది. "ఏం చెప్పల్ల? రాత్రి మా కోడలు నాతో మాట్లాడలా."

"అంటే, మీ కోడలు రాత్రి మీతో మాట్లాడలేదు," అన్నాను. చెప్పిన మాటనే తిరిగి చెప్పాలని మాకు పాఠం.

"అదే కదా నేను చెప్పింది?"

"మీకది బాధగా అనిపించింది."

"బాధెందుకు మే? ఆయమ్మి టీవీ సూస్తాండె. నేనూ సూస్తాంటి."

"ఊఁ," అన్నాను, ఎంతో లోతుగా. తర్వాత నోరు మూసుకుని తల ఊపుతూ చూశాను. పెద్దమ్మ మాట ఆపేసింది. నా మొహం పరీక్షగా చూసింది. రోజూ ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా లొడలొడా వాగే పిల్ల ఒక్క మాట లేకుండా కూర్చోవడం, పైగా ఎన్నడూ లేనిది 'మీరు' అనడం!

"నన్ను మీరంటాండావు. నా మీద కోపమా?"

"లేదు పెద్దమ్మా."

"అయితే నీకేదో అయింది." నుదుటి మీద చేయి పెట్టి చూసింది. చేతిలోని సంచీ కింద పెట్టింది. "చెప్పు," అంది.

అంతే, ఒక్క మాట. తర్వాత ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. రైలు పోతూనే ఉంది. ఎవరూ మాట్లాడని ఆ కాసేపు నాకు ఎంత భరించరానిదయిందంటే, ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. తెరిచిన నోరు ధర్మవరం దాకా మూతపడలేదు. రెండుసార్లు తప్పిన పరీక్ష, అర్థం కాని ఇంగ్లీషు, మూసిపెట్టుకున్న కెమెరా, మా పాప మనసు కోర్సు చేస్తాందని చెప్పుకునే నాయన, ఈరోజుతో ఈ చదువు మానేద్దామని నాకు నేనుగా చేసుకున్న నిర్ణయం, అన్నీ చెప్పేశాను. నడుమ ఏడ్చాను కూడా. పోస్టాఫీసు అక్క ఏదో చెప్పబోతే పెద్దమ్మ చేయెత్తి ఆపింది. తాను మాత్రం ఊఁ అనడమే తప్ప మానమనలేదు, మానొద్దనలేదు. స్టేషన్ వచ్చాక సంచీ తీసుకుని, "దిగుదాం పా," అంది. ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే నాకు బ్రహ్మాండంగా ఆకలి వేసింది. ఏడు నెలల్లో పొద్దున పూట ఆకలి వేయడం అదే మొదటిసారి.

ఆఫీసుకు వచ్చి రికార్డింగు విన్నాక ఆకలి చచ్చిపోయింది. అరగంటలో ఇరవై అయిదు నిమిషాలు నేనే వాగాను. పంపడానికి ఇంకేమీ లేదు, ఇంకో మనిషిని పట్టుకునే సమయమూ లేదు. ఒకదశలో పెద్దమ్మను విద్యార్థిగా, నన్ను క్లయింటుగా రాసి పంపేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. (నిజానికి అదే సత్యం.) చివరికి, "మేడం, వినాల్సింది నేను. విన్నది ఆమె. క్షమించండి," అని కింద రాసి పంపేశాను. ఎటూ మానేసేదాన్నే కదా, ఇంకేం భయం?

మర్నాడు శనివారం, రైల్లో ఉండగానే మేడం నుంచి మెసేజ్. అందులో కొంత భాగం క్లాసులో వినిపించవచ్చా అని మా ఇద్దరినీ అడిగింది. పెద్దమ్మ, "నా గొంతు అంత దూరం పోతాదంటే వద్దంటానా?" అంది. ఆదివారం విడిగా పెట్టిన ప్రాక్టికల్ క్లాసులో మేడం నేను ఏడ్చిన చోట పెట్టింది. రైలు చప్పుడు, నా ముక్కు చీదుడు, ఇంకేమీ లేదు. ఒక నిమిషం పైన అలాగే సాగింది. "ఇంతసేపు ఈవిడ ఒక్క మాట అనలేదు. ఇక్కడ ఏం జరుగుతోంది?" అని మేడం అడిగింది. ఇంగ్లీషు గడగడలాడే క్లాసు ఉలకలేదు, పలకలేదు. నా వేలు తనంతట తానే పోయి మైకు మీద నొక్కింది.

"ఆమె నా చిటికెన వేలు పట్టుకుని ఉంది మేడం. అది రికార్డింగులో వినపడదు," అన్నాను, తెలుగులో.

"ఎవరమ్మా మాట్లాడింది?" అంది మేడం. నా పేరు చెప్పి, ఏడు నెలలుగా ఈ క్లాసులోనే ఉన్నానన్నాను. మేడం నవ్వి, "ఆమెకు నూటికి నూరు. నీకు సున్నా. పదిరోజులు టైమిస్తున్నా, ఈసారి నువ్వు విను," అంది. సున్నా వచ్చినందుకు అంత సంతోషపడిన విద్యార్థిని మా మేడం చూసి ఉండదు.

మరుసటి సోమవారం మళ్ళీ ఫోను ఆన్ చేసి, "పెద్దమ్మా, నువ్వు చెప్పు," అన్నాను. ఈసారి తల ఊపలేదు, లోతుగా ఊఁ అనలేదు. ఊరికే పక్కన కూర్చున్నాను. ఆమె చాలాసేపు బయటికి చూసింది. తర్వాత మెల్లగా, "కుడి కన్ను మసకేస్తాంది మే. ఒక పోగు రెండుగా కనపడతాది. నెల్నాళ్ళ నుంచి వేళ్ళ అంచనా మీదనే అతుకుతాండా. మగ్గమోళ్ళకు తెలిస్తే పని పోతాది. కొడుక్కు గూడా చెప్పలా," అంది.

ఏడాదిన్నరగా పక్కపక్కన కూర్చుంటున్నాం. నేను వాగుతున్నాను, ఆమె వింటోంది. ఆ కన్ను సంగతి నాకు తెలియనే తెలియదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఎన్ని సలహాలు నాలుక కొస దాకా వచ్చాయో అది కూడా చెప్పలేను. ఫోను చూస్తే ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఆ పద్దెనిమిది నిమిషాలు నేను చేసిన తపస్సు మునులు కూడా చేసి ఉండరు. ఆమె తన భయం గురించి, కన్ను పోతే ఇంట్లో ఒక మూల కూర్చోవాల్సి వస్తుందేమోనన్న దిగులు గురించి చెబుతూ పోయింది. నేను ఆమె వేలు పట్టుకుని కూర్చున్నాను. అరగంట నిండగానే రికార్డింగు ఆపి, "రేపే కంటి డాక్టర్ దగ్గరికి పోతాండాం!" అని అరిచాను. అదే అదనుగా పెట్టె మొత్తం లేచింది. ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు, ఏ చుక్కల మందు, ఎవరి మేనత్తకు ఎప్పుడు ఆపరేషనయింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతసేపు యాడ దాచిపెట్టుకుంటిరే ఇవన్నీ?" అని నవ్వింది.

శుక్లమని తేలింది. ఆమె కొడుక్కు చెప్పి హిందూపురంలోనే ఆపరేషన్ చేయించాం. రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది. తల కదలకుండా ఉండాలని నాయన కొత్త దూదితో ఒక దిండు కుట్టి ఇచ్చాడు. మగ్గాల ఇంటివాళ్ళకు ఆమే పోయి నిజం చెప్పింది. వాళ్ళు తిట్టారు, ముందే చెప్పనందుకు. పని మాత్రం ఉంచారు.

కోర్సు నేను పాసయ్యాను, అత్తెసరు మార్కులతో. సర్టిఫికెట్ పోస్టులో వచ్చిన మర్నాడే రైల్లో పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆమె బాగుపడ్డ కంటికి దగ్గరగా పెట్టుకుని పైనుంచి కిందికి చూసింది. ఇంగ్లీషు ఆమెకు రాదు. "దీంట్లో నా పేరు యాడుండాది?" అంది. తమాషాకు అన్నదనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. "రెండు తూర్లు కూసుంటి కదా?" అంది. సర్టిఫికెట్ తిప్పి, వెనక తెల్లగా ఉన్నచోట, ఒళ్ళోని టిఫిన్ డబ్బా మీద ఆనించి, పెన్నుతో ఆమె పేరు పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాశాను. రైలు కుదుపుకు అక్షరాలు వంకర పోయాయి. ఆమె ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకుని, "ఆఁ," అని తిరిగి ఇచ్చింది.

మా కరస్పాండెంట్ సారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరిజినల్ మీద ఈ రాతేంది పాపా? పాడు చేస్తివే," అన్నాడు. కిటికీ ఉన్న గది ఇచ్చాడు గానీ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు. ఆయన చెప్పింది నిజమే. ఇప్పటి నేనైతే శుభ్రంగా జిరాక్సు తీయించి దాని వెనక రాసి ఉండేదాన్ని. ఆ పిల్లకు అంత తెలివి ఇంకా రాలేదు. రాకపోవడమే మంచిదయింది.