గోడపత్రికలో కార్పొరేటరు గారు

మొన్న సాయంత్రం నేరేడ్‌మెట్‌లోని మా ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ టీవీ ముందు కూర్చున్నాను. ఇప్పటి నాయకులను వెనకటి నియంతలతో పోల్చి తీరాలని ఒక చరిత్రకారుడు, అలా పోల్చడం చరిత్రకే అపచారమని ఇంకొకాయన, ఇద్దరూ చొక్కాలు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎమ్మే చరిత్ర చదువుతున్న మా మనవరాలు సరిగ్గా ఇదే విషయం మీద వ్యాసం రాయాలట, నువ్వేమంటావు అమ్మమ్మా అని అడిగింది. ఏళ్ల తరబడి ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, జవాబు కోసం తడుముకోకూడదు. కానీ నాకు ముందు నవ్వొచ్చింది.

నా మొదటి ఉద్యోగం రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో. అది తాత్కాలికమే. వార్షికోత్సవం కాగానే పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. మా ఆయనకు అప్పటికింకా ఉద్యోగం దొరకలేదు కాబట్టి, ఆ కాగితం కోసం నేను ఎంతగా ఎదురుచూశానో మీలో ఆ రోజులు గడిపినవారికి చెప్పనక్కర్లేదు. అయినా కొత్త ఉత్సాహం ఊరుకోదు కదా! నియంత లక్షణాలు పాఠం చెప్పి, వీటితో మీకు తెలిసినవారినెవరినైనా పోల్చి గోడపత్రికలో పెట్టండి అన్నాను. పోలికలయ్యాక తేడాలు కూడా రాయించాలి, కానీ గంట కొట్టేశారు, సోమవారం చూద్దాంలే అనుకున్నాను.

పిల్లలు పోల్చింది ఎవరితోననుకున్నారు? వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రాబోతున్న మా వార్డు కార్పొరేటరు గారితో! ఆయన స్వాగత గీతం కోసం వారం రోజులుగా ఎండలో నిలబెట్టిన కక్షంతా ఆ కాగితం మీద తీర్చుకున్నారు. ఎడమవైపు నియంత, కుడివైపు కార్పొరేటరు. ఎక్కడ చూసినా తన ఫొటో, నీళ్ల ట్యాంకరు మీద కూడా. పొగడ్తంటే ప్రాణం. మైకు వదలడు. ఇలా మొత్తం ఆరు పోలికలు, గుండ్రటి దస్తూరీలో. శనివారం వార్షికోత్సవం నాడు మేము చూసేసరికి ఆయన జీపు దిగి, దండ మెడలో ఉండగానే గోడ ముందు నిలబడి చదువుతున్నారు. ప్రిన్సిపాల్ గారు నావైపు చూసిన చూపుకు నా ఉద్యోగం అక్కడే ఊడిపోయిందనుకున్నాను.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆయన రాజకీయాల్లోకి రాకముందు లేడీస్ టైలరు. గెలిచాక కూడా దుకాణం మూయలేదు, నా జాకెట్లన్నీ అక్కడే కుట్టించేదాన్ని. మొత్తం చదివి, కళ్లజోడు తీసి, నావైపు తిరిగారు.

“ఏందమ్మా గిది? నువ్వు ఆది జాకెట్టు ఇస్తే యాడ బిగువైంది, యాడ వదులైంది అని అడగకుండ కుడుతనా? కలిసినయి రాసిండ్రు, మంచిగనే ఉంది. కలువనియి సుత రాయాలె గద. గప్పుడే నమ్ముతరు.”

తర్వాత పకపకా నవ్వి, పొగడ్త సంగతి మాత్రం నిజమేనని ఒప్పుకొని, ఆ కాగితం చింపబోయిన ప్రిన్సిపాల్ గారి చెయ్యి పట్టుకుని వేదిక మీదికి నడిపించుకుపోయారు. ఆ రోజు ఆయన మైకు ముందు ఎక్కువసేపు నిలబడలేదు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ముద్దొస్తుంది. మరుసటి వారం నా పర్మనెంటు కాగితం వచ్చింది. అంతకుముందే, సోమవారం, పిల్లలు తేడాలు రాసి పక్కన అంటించారు. మొదటి తేడా నాకిప్పటికీ గుర్తుంది: ‘ఇది చదివి ఆయన నవ్వాడు, చింపనివ్వలేదు.’

అందుకే మా మనవరాలికి ఈ కథంతా వినిపించి చెప్పాను, పోల్చు తల్లీ, పోల్చకపోతే చరిత్ర చదివి ఏం లాభం, కాకపోతే తేడాల కాగితం సోమవారానికి వాయిదా వేయకు, నాలా భయపడాల్సి వస్తుంది అని. అది బుద్ధిగా కాగితం మధ్యలో గీత గీసి రెండువైపులా రాయడం మొదలుపెట్టింది. టీవీలో వాళ్లింకా అరుచుకుంటూనే ఉన్నారు. కాసేపటికి అది తలెత్తి, ఆ మొదటి తేడా ఈ రోజుల్లో ఎవరి పేరు పక్కన రాయొచ్చు అమ్మమ్మా అని అడిగింది. చిక్కుడుకాయలన్నీ అయిపోయేదాకా ఆలోచించాను, ఒక్క పేరూ తట్టలేదు.